పుస్తె మీద సిలువ

పోయిన నెల పటాన్‌చెరులో మాకు తెలిసిన అవుసలాయన దుకాణానికి వెళ్లాను. మా అత్తమ్మ పుస్తెలు రెండూ తూకం వేసి, వేలితో రుద్ది చూసి, "మెరుగు పెట్టాల్నా అమ్మా, కరిగియ్యాల్నా?" అని అడిగాడు. ఆయనకు అది రోజుకు పదిసార్లు అడిగే మాట. నాకు మాత్రం జవాబు రాలేదు. ఒక్కో పుస్తె మీద గోరంత సిలువ చెక్కి ఉంది. నలభై ఏళ్లు మెడలో ఒరుసుకుని, ఒకదాని మీద సిలువ అంచులు అరిగిపోయాయి. "రేపు చెప్తానన్నా" అని చెప్పి, పుస్తెలు కొంగున ముడేసుకుని ఇంటికొచ్చేశాను.

సంగతేమిటంటే, మా అమ్మాయి పెళ్లి కుదిరింది. మాది సి.ఎస్.ఐ. సంఘం. మా ఇంట్లో పెళ్లికి పుస్తెలు కట్టడం మామూలే. అబ్బాయి వాళ్లది జహీరాబాద్ వైపు. వాళ్లు వెళ్లే పెంతెకొస్తు సంఘంలో ఆడవాళ్లు నగలు పెట్టుకోరు. కమ్మలు, గాజులు, పుస్తెలు ఏవీ ఉండవు. వియ్యపురాలు మంచి మనిషి. కట్నం మాట ఎత్తలేదు. "వదినా, మాకేం వద్దు. పిల్ల మెడల మాత్రం ఏం వెయ్యకండి. ఉన్న బంగారం కరిగిచ్చి పిల్ల పేరు మీదనే దాచిపెట్టండి" అంది. ఆమె వెళ్లాక మా అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, "బోసి మెడతోని పంపుతవా పిల్లను? సిలువ మోసినాయనే సిగ్గువడలే, మనకెందుకు సిగ్గు?" అంది.

ఇద్దరూ ప్రార్థనాపరులే. ఇద్దరూ బైబిలు చూపించే మాట్లాడతారు. నేను మధ్యలో పడ్డాను. అందుకే ఈ నెల రోజులూ దొరికినంత చదివాను, పెద్దవాళ్లను అడిగాను. అసలు సిలువ ఆడదాని మెడలోకి ఎప్పుడొచ్చింది? ఎవరు వేయించారు, ఎవరు తీయించారు? మీలో చాలామందికి ఇది మీ ఇంటి సంగతి కాకపోవచ్చు. కానీ మెడలో ఏముండాలో ఇంటిల్లిపాదీ చర్చించే ఇళ్లు మనందరివీ కదా.

ముందు వియ్యపురాలి వైపు మాట చూద్దాం. పేతురు రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో, తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయంలో ఆడవాళ్ల అలంకారం గురించి ఉంది. జడలు, బంగారం, ఖరీదైన బట్టలు కావు, లోపలి గుణమే అలంకారం అన్నది వాటి సారాంశం. నిర్గమకాండంలో బంగారు దూడ సంగతి జరిగాక ఇశ్రాయేలీయులు దుఃఖంతో తమ నగలు తీసేస్తారు. ఆదికాండంలో యాకోబు తన ఇంటివాళ్ల చెవిపోగులు తీసుకుని షెకెము దగ్గర చెట్టు కింద పాతిపెడతాడు. ఇక మా అత్తమ్మ వైపు మాట. అదే ఆదికాండంలో రిబ్కాను కోడలిగా అడగడానికి వచ్చిన సేవకుడు మొదట ఇచ్చింది బంగారు నగలే. యెహెజ్కేలు 16వ అధ్యాయంలో యెరూషలేమును పెళ్లికూతురితో పోల్చి, దేవుడే ఆమెకు కడియాలు, హారం, చెవిపోగులు పెట్టినట్టు రాసి ఉంది. వచనాలు ఇద్దరికీ ఉన్నాయి. సిలువను మెడలో వేసుకోవాలని గానీ, కూడదని గానీ చెప్పే వచనం మాత్రం ఎక్కడా లేదు. ఆ కాలంలో అలాంటి ఆలోచనే ఎవరికీ రాదు.

ఎందుకు రాదంటే, అప్పుడు సిలువ అంటే ఊరి బయట కళ్లముందు కనిపించే శిక్ష. అందులోనూ రోమీయులు ఎక్కువగా బానిసలకు, తిరగబడ్డవాళ్లకు వేసిన శిక్ష. క్రీ.పూ. 71లో స్పార్టకస్ వెంట తిరగబడి పట్టుబడ్డ 6,000 మంది బానిసలను కాపువా నుంచి రోము దాకా దారి పొడవునా సిలువ వేశారు. ఆ దారిన నడిచిన ఏ తల్లీ ఆ బొమ్మను పిల్ల మెడలో కట్టదు. తొలి క్రైస్తవులు ఉంగరాల మీద, సమాధుల మీద చేప, లంగరు, పావురం లాంటివి చెక్కించుకున్నారు. రోములో పాలటైన్ కొండ మీద ఒక గోడకు క్రీ.శ. 200 ప్రాంతంలో ఎవరో గీసిన గీత ఒకటి దొరికింది. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, కింద చేయెత్తి మొక్కుతున్న కుర్రవాడు. క్రైస్తవుణ్ణి ఎగతాళి చేస్తూ గీసింది అది. సిలువ మీది యేసుకు ఇప్పటికి దొరికిన బొమ్మల్లో అతి పాతవాటిలో ఒకటి ఆ ఎగతాళి బొమ్మే.

అలాగని వాళ్లు సిలువను దాచుకోలేదు. కార్తేజు నగరంలో టెర్టూలియన్ అనే రచయిత అదే కాలంలో రాశాడు. ఇంట్లోంచి బయటికి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు, భోజనానికి, స్నానానికి, పడకకు ముందు కూడా క్రైస్తవులు నుదుట వేలితో సిలువ గుర్తు వేసుకునేవారట. కనిపించని సిలువ అన్నమాట. ఆడవాళ్ల నగల మీద ఒక పుస్తకమే రాసి తిట్టిపోసింది కూడా ఈ పెద్దమనిషే. అంటే నుదుట సిలువ సరే, మెడలో నగ వద్దు. మా వియ్యపురాలి మాటకు పద్దెనిమిది వందల ఏళ్ల వయసుందని నాకు అక్కడే తెలిసింది.

312లో కాన్‌స్టంటైన్ యుద్ధం గెలిచి క్రైస్తవుల పక్షం చేరాక కాలం మారింది. ఆ శతాబ్దంలోనే సిలువ శిక్ష ఆగిపోయింది. దారి పక్కన నిజం సిలువలు కనిపించడం మానేశాకే గుళ్లలో, నాణేల మీద, మెడల్లో సిలువ కనిపించడం మొదలైంది. భయం పోయాకే అది నగ అయింది.

ఆ రోజుల్లోంచి నాకు బాగా నచ్చిన మనిషి మక్రీనా. ఇప్పటి తుర్కియే దేశంలో ఉండేది. తనకు నిశ్చయమైన వరుడు చనిపోతే ఇక పెళ్లి వద్దని, తల్లితో కలిసి ఇంటినే ప్రార్థనా గృహంగా మార్చింది. దాసీలతో సమానంగా కూర్చుని తింది. 379లో చనిపోయింది. ఆమె తమ్ముడు, నిస్సాకు బిషప్పు అయిన గ్రెగొరీ ఆమె జీవితం రాశాడు. శవానికి బట్టలు మార్చేటప్పుడు వెటియానా అనే ఆమెకు మక్రీనా మెడలో సన్నని తాడు తగిలింది. దానికి ఒక ఇనుప సిలువ, ఒక ఇనుప ఉంగరం ఉన్నాయి. బట్టల కింద, గుండె మీద. ఇన్నాళ్లు కలిసి బతికినవాళ్లకే ఆ సంగతి తెలియదు. సిలువను వెటియానా తీసుకుంది, ఉంగరాన్ని తమ్ముడు తీసుకున్నాడు. ఆడమనిషి మెడలో సిలువ గురించి మనకు దొరికే తొలి కథల్లో ఇదొకటి. అది ఇనుముది, ఎవరికీ చూపించనిది.

బంగారం రావడానికి ఆట్టే కాలం పట్టలేదు. అదే తరంవాడైన జాన్ క్రిసోస్తమ్, అసలు సిలువదని చెప్పే చెక్క ముక్కను ఆడా మగా బంగారంలో పొదిగించుకుని మెడలో వేసుకుంటున్నారని రాశాడు. 380ల్లో యెరూషలేముకు యాత్ర చేసిన ఈజీరియా అనే స్త్రీ తన సహోదరీలకు రాసిన ఉత్తరాల్లో ఇంకో ముచ్చట ఉంది. గుడ్ ఫ్రైడే రోజు ఆ చెక్కను ముద్దు పెట్టుకోవడానికి జనం వరుసగా వస్తుంటే చుట్టూ పరిచారకులు కాపలా ఉండేవారట. అంతకుముందు ఎవరో ముద్దు పెట్టుకున్నట్టే పెట్టుకుని ముక్క కొరుక్కుపోయారట! భక్తి ఎక్కడ ఆగుతుందో, ఆశ ఎక్కడ మొదలవుతుందో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఇక మన వైపు వద్దాం. మా అత్తమ్మ పుస్తెల మీది సిలువ మెదక్ మీదుగా వచ్చింది. మెదక్‌కు ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ దాన్ని పంపినవాళ్లకే బంగారం అంటే పడదు. 16వ, 17వ శతాబ్దాల్లో ప్రొటెస్టెంట్లలో గట్టివాళ్లు సిలువ బొమ్మను కూడా విగ్రహమే అన్నారు. 1643లో లండన్ చీప్‌సైడ్ వీధిలోని పెద్ద సిలువ స్తంభాన్ని పడగొట్టించారు. ఆ తర్వాత నూరేళ్లకు, 1743లో, జాన్ వెస్లీ తన మెథడిస్టు సంఘాలకు రాసిన నియమాల్లో బంగారం, ఖరీదైన దుస్తులు ధరించకూడదని పెట్టాడు. ఆయన లెక్క ఇల్లు నడిపే మనకు తేలిగ్గా అర్థమవుతుంది. నగకు పెట్టిన డబ్బు, బట్టలేనివాడికి ఇవ్వగలిగిన డబ్బే.

మన జిల్లాకు వచ్చిన మిషనరీలు ఇద్దరూ ఆ వెస్లీ పిల్లలే. 1870ల చివర ఇంగ్లండు వెస్లియన్లు సికింద్రాబాదులో మొదలుపెట్టి మెదక్ దాకా వచ్చారు. జహీరాబాద్, వికారాబాద్, బీదర్ వైపు అమెరికా మెథడిస్టులు పనిచేశారు. వాళ్ల క్రమశిక్షణ పుస్తకంలోనూ వెస్లీ నియమం అలాగే ఉంది. అంటే మా ఇంటి మూలమూ, వియ్యపురాలి ఊరి పాత మిషనూ ఒకే తాత సొత్తు. 19వ శతాబ్దం చివరికి ఇంగ్లండులో ఆ నియమం చాలావరకు సడలిపోయింది. అయినా ఇక్కడ దాన్ని గట్టిగా అమలు చేయాల్సిన పనేముంది? మాల, మాదిగ వాడల్లో వెట్టి చేసి బతికే ఇళ్లలో వదులుకోవడానికి బంగారం ఉంటే కదా.

మెదక్ చర్చి మీలో చాలామంది చూసే ఉంటారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర 1914లో మొదలుపెట్టించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేయించాడు. కరువు రోజులవి. పనికి తిండి అన్న లెక్కన ఊళ్ల నుంచి జనం వచ్చి రాళ్లు మోశారు. లోపల ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన రంగుటద్దాల కిటికీలు మూడున్నాయి. ఒకదానిలో యేసు పుట్టుక, ఒకదానిలో ఆరోహణం, ఇంకొకదానిలో సిలువ. పగటి వెలుతురు ఉన్నంతసేపే ఆ బొమ్మలు కనిపిస్తాయి. మా అత్తమ్మ వాళ్ల అవ్వ ఆ రాళ్లు మోసినవాళ్లలో ఒకతె అని ఇంట్లో చెప్పుకుంటారు. ఆమె మెడలో ఏముండేదని అడిగాను. "ఏముంటది బిడ్డా, నల్లపూసల దండ. అది తెగితే దారం" అంది అత్తమ్మ.

మన పల్లెల్లో పేదింటి ఆడదాని మెడలో ఉన్నది చాలాసార్లు ఆమె ఇష్టంతో పడింది కాదు. ఇదే మెదక్, నిజామాబాద్ జిల్లాల్లో జోగినిగా ఇచ్చేసిన పిల్ల మెడలో దేవత పేరుతో తాళి పడేది. ఊరికి అదొక గుర్తు. 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది. కేరళలో పులయ స్త్రీలు బంగారం, వెండి వేసుకోకూడదు, రాతిపూసల దండలే వేసుకోవాలన్నది కులం పెట్టిన కట్టడి. 1915లో కొల్లం దగ్గర పెరినాడ్‌లో అయ్యంకాళి ఉద్యమం లేచాక వాళ్లు ఆ దండలు తెంపి పారేశారు. అక్కడ నగ తీసేయడమే విడుదల. అదే రాతిపూసల చోట బంగారం వేసుకున్నా విడుదలే అయ్యేది. ఈ కథ చదివాకే నా తలలో చిక్కు కొంచెం విడింది. నగ ఉండటం, లేకపోవడం పైకి కనిపించే తేడా. ఎవరి మాట మీద వేసుకున్నాం, ఎవరి మాట మీద తీశాం అన్నది లోపలి తేడా.

మా అత్తమ్మకు 1973లో పెళ్లయింది. పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టారు. అప్పటికి రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చేసింది, పటాన్‌చెరు పక్కన ఇక్రిశాట్ 1972లో మొదలైంది, ఒక్కో ఫ్యాక్టరీ లేస్తోంది. మా మామయ్య జోగిపేట వైపు నుంచి కూలికి వచ్చి, తర్వాత ఒక కంపెనీలో పర్మినెంటు అయ్యాడు. 1981లో మొదటి బోనసుతో రెండు పుస్తెలు చేయించాడు. "మెడల బంగారం ఏసుకొని ఊరికి పోయిన్నాడు దొరసాని నన్ను కూసోమన్నది" అంటుంది అత్తమ్మ. ఆ మాట వెస్లీ నియమానికి అందదు. లండనులో బంగారం వదలడం వినయం కావచ్చు. మా అత్తమ్మ ఊళ్లో బంగారం వేసుకోవడమే తల ఎత్తడం.

పుస్తె మీద సిలువ చెక్కించుకోవడం కూడా ఊరికే పుట్టలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అదే సి.ఎస్.ఐ., అయ్యాయి. దాని గుర్తులో సిలువ, తామర పువ్వు కలిసి ఉంటాయి. పెళ్లి క్రమంలో ఉంగరమైనా పెట్టవచ్చు, తాళైనా కట్టవచ్చు. ఈ నేల ఆచారం, ఆ విశ్వాసం ఒకే దారానికి వచ్చాయి. మాకంటే ముందే ఆ పని చేసినవాళ్లు కేరళ సిరియన్ క్రైస్తవులు. వాళ్ల తాళిని మిన్ను అంటారు. ఆకు ఆకారంలో చిన్న బంగారు బిళ్ల, దాని మీద చిన్న పూసలతో సిలువ. పెళ్లి చీర నుంచి తీసిన దారాలు పేని దానికి కడతారు. మా పక్క వీధిలో మలయాళీ నర్సమ్మ ఒకామె నాకు తనది చూపించింది. చూడగానే మనవాళ్లదేనన్నట్టు అనిపించింది.

మరి వియ్యపురాలి సంఘంలో నగలు ఎందుకు తీశారు? పెంతెకొస్తు ఉద్యమం మన దగ్గరికి చాలావరకు కేరళ బోధకులతోనే వచ్చింది. ఇండియన్ పెంతెకొస్తు సంఘం 1935లో మన ఏలూరులోనే రిజిస్టరైంది. అక్కడా ఇక్కడా తెల్లబట్టలు, నగలు లేని మెడలు ఆ విశ్వాసులకు గుర్తయ్యాయి. మొదట నాకు అది కఠినంగా అనిపించేది. వియ్యపురాలే ఒకరోజు విడమరిచి చెప్పింది. "వదినా, మా సంఘంల కూలికి పోయే ఆమె, టీచరమ్మ ఒక్క బెంచీ మీద కూసుంటరు. మెడలు సూస్తే ఎవరు ఉన్నోళ్లో ఎవరు లేనోళ్లో ఎరుకైతదా?" నిజమే కదా అనిపించింది. మా చర్చిలో క్రిస్మస్ రోజు ఎవరి మెడలో ఏముందో చూసుకోకుండా ఇంటికొచ్చామా ఎప్పుడైనా? అయితే ఒక మాట చెప్పాలి. అన్ని ఇళ్లూ ఈమె ఇల్లు లాంటివి కావు. మెడ బోసిగా ఉన్నా, చేతులు మారే కట్నం బోసిగా లేని పెళ్లిళ్లూ చూశాను. పేతురు చెప్పింది పిల్ల మెడకే గానీ పెద్దల సంచికి కాదన్నట్టు.

సంఘం సంగతి ఇలా ఉండగా, మా ప్రాంతంలో ఆడపిల్లల మెడలోంచి సిలువ తీయించేది ఇంకొకటుంది. మందుల ఫ్యాక్టరీ. పాశమైలారం, బొల్లారం, జిన్నారం వైపు మందులు తయారు చేసే గదుల్లోకి గాజులు, గొలుసులు, పుస్తెలు, ఉంగరాలు ఏవీ పోకూడదు. నగ కింద చెమట, మురికి, సూక్ష్మజీవులు చేరతాయి. చిన్న ముక్క ఊడి మందులో పడితే రోగికి ప్రమాదం. యంత్రానికి గొలుసు చిక్కుకుంటే వేసుకున్నవాళ్లకు ప్రమాదం. మా అమ్మాయి పనిచేసేది అలాంటి చోటే. పొద్దున వెళ్లగానే గొలుసు తీసి లాకరులో పెట్టి, గౌను, టోపీ వేసుకుని లోపలికి వెళ్తుంది. పక్కనే ఇంకొకామె పుస్తెలతాడు తీసి కళ్లకద్దుకుని పెడుతుందట. మరొకామె మెడలో తాయెత్తు తీస్తుందట. లాకరుకు మతం లేదు.

ఇలాంటి తగాదా విదేశాల్లో కోర్టు దాకా వెళ్లింది. లండనులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ కౌంటరులో పనిచేసే నదియా ఎవైడాను 2006లో మెడలో సిలువ పైకి కనిపించకూడదని ఆపారు. షర్లీ చాప్లిన్ అనే నర్సును ఆస్పత్రి వార్డులో సిలువ గొలుసు వేసుకోవద్దన్నారు. రోగులు పట్టుకుని లాగితే ఇద్దరికీ దెబ్బ తగులుతుందన్నారు. 2013 జనవరి 15న యూరప్ మానవ హక్కుల కోర్టు రెండింటికీ ఒకేసారి తీర్పిచ్చింది. ఎవైడా గెలిచింది, చాప్లిన్ ఓడింది. సిలువ అదే, గొలుసూ దాదాపు అదే. ఒకచోట అడ్డు చెప్పింది కంపెనీ తన పైరూపం కోసం, ఇంకోచోట రోగి క్షేమం కోసం. ఇంట్లో అత్తాకోడళ్ల తగాదా తీర్చే పెద్దమనిషైనా ఇదే చెప్పేవాడేమో అనిపించింది నాకు. ఎదుటి మనిషి ప్రాణం కోసం తీస్తే సిలువకు లోటు రాదు.

లోటు వచ్చేది ఇంకోచోట. ఇది మన ఇళ్లలో గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులైన దళితులకు లేదు. మన దగ్గర వాళ్లు బీసీ-సి కింద, 1 శాతం రిజర్వేషన్‌లో ఉంటారు. ఈ తేడా తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం తీసుకుని క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ ఉద్యోగం కోసం హిందువునని ఎస్సీ సర్టిఫికెట్ అడగడం కుదరదని పుదుచ్చేరి కేసులో తేల్చింది. చట్టం చట్టమే, అబద్ధం అబద్ధమే. కానీ ఈ చట్టం నీడలో సిలువ సాక్ష్యంగా మారింది. తమిళనాడు రామనాథపురంలో ఒక డాక్టరమ్మ క్లినిక్ గోడకు సిలువ ఉందని, భర్త క్రైస్తవుడని ఆమె కుల సర్టిఫికెట్ రద్దు చేశారు. 2021లో మద్రాసు హైకోర్టు దాన్ని కొట్టేసింది. గోడకు సిలువ ఉన్నంత మాత్రాన మతం మారినట్టు కాదంది.

కులం మారలేదని ఊరు రోజూ గుర్తు చేస్తుంది. బావి దగ్గర, సంబంధాల దగ్గర, అద్దె ఇంటి దగ్గర. కాగితం మాత్రం మారిందంటుంది. అందుకే ఫారం నింపే రోజున గొలుసు తీసి పర్సులో వేసుకునే పిల్లలు ఉన్నారు. తీయమని చెప్పే తల్లులూ ఉన్నారు. వాళ్లను నేను నిందించలేను, మెచ్చుకోనూ లేను. ల్యాబు లాకరులో పెట్టిన సిలువ సాయంత్రం మళ్లీ మెడలోకి వస్తుంది. భయంతో పర్సులో వేసిన సిలువ మెడలోకి వచ్చినా ముందటిలా ఉండదు. వేసుకోవాలా వద్దా అని సంఘాలు వాదించుకుంటున్న చోటే, వేసుకునే ధైర్యం లేక కూర్చున్న ఆడపిల్ల ఒకతె ఉంటుంది. నగల మీద ప్రసంగాల్లో ఆమె మాట ఇప్పటిదాకా నేను వినలేదు.

ఇంతా చదివి నాకు అర్థమైంది ఇదీ. మక్రీనా బట్టల కింద వేసుకుంది, టెర్టూలియన్ నుదుట చాలన్నాడు, వెస్లీ పేదలకిమ్మన్నాడు, అత్తమ్మ తల ఎత్తడానికి వేసుకుంది, వియ్యపురాలు అందరితో సమానంగా కూర్చోవడానికి తీసేసింది. వీళ్లలో ఎవరి విశ్వాసం తక్కువని నేను చెప్పను. పొద్దున తీసి సాయంత్రం వేసుకోగలిగితే అది సిలువే. తీస్తే కీడు జరుగుతుందని వణికితే అది తాయెత్తు. పక్కావిడ మెడ చూసి ఆమె భక్తి కొలవడం మొదలుపెడితే, అది బంగారమైనా బోసి అయినా ఒకటే గర్వం.

మా అమ్మాయికి ఇదంతా చెప్పబోతే నవ్వింది. "అమ్మా, రోజుకు ఎనిమిది గంటలు తీసే ఉంచుతున్న కదా. దేవుడు లాకర్ల ఉంటడా?" అంది. పోయిన ఆదివారం వియ్యపురాలు వచ్చినప్పుడు తనే ఆమెతో మాట్లాడింది. "అత్తమ్మా, పెళ్లి మీ సంఘం పద్ధతిలనే చేసుకుంట. నానమ్మ పుస్తెలు కరిగియ్యం. నా దగ్గరనే ఉంటయ్. ఏసుకున్ననాడు ఎందుకని అడగొద్దు, ఏసుకోనినాడు మా నానమ్మా అడగొద్దు." నా గుండె దడదడలాడింది. అత్తమ్మ పళ్లెంలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు.

వియ్యపురాలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏవీ, సూడనియ్" అంది. కొంగు ముడి విప్పి ఇచ్చాను. అరచేతిలో పెట్టుకుని, అరిగిన సిలువను బొటనవేలితో తడిమింది. "మా అమ్మకూ ఉండె ఇసొంటివి. మందిరం కట్టేటప్పుడు తీసి ఇచ్చేసింది. ఇచ్చినంక గూడ పండుకునేటప్పుడు మెడకాడ చెయ్యి పెట్టుకునేది" అంది. అత్తమ్మ అప్పుడు తల ఎత్తి, "చాయ్ పెట్టు" అంది నాతో.

మర్నాడు మళ్లీ అవుసలాయన దగ్గరికి వెళ్లాను. కరిగించొద్దన్నా, మెరుగు పెట్టన్నా అన్నాను. అరిగినచోట సిలువ మళ్లీ చెక్కుతానన్నాడు, వేరే డబ్బులు కూడా వద్దన్నాడు. అది మాత్రం అట్లనే ఉండనీయమని చెప్పాను.